తీరిక వేళ: మూడు పట్టాల రైలుబండి

కిందటి నెల పాత గోడగడియారాల గూర్చి వ్రాసిన తరువాత ముగ్గురు నలుగురు పాఠకులు మమ్మల్ని బజారులో ఆపి, "మీ యింట్లో రైలుబండి తిరుగుతున్నదటగదా! దాని సంగతి వ్రాయరేమండీ?" అని అడిగారు. తిరుగుతున్న మాట నిజమే. అయితే అది తిరగక ముందు మేము చేసిన తెలివితక్కువ పని వొకటి వున్నది. దాన్ని దాచిపెట్టి వ్రాస్తే యెవరికీ వుపయోగం లేదు. చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగా వుండి యిన్నాళ్లూ జాగు చేశాము.

మా మేనత్త కొడుకు, అంటే మాకు బావ, అమెరికాలో న్యూజెర్సీలో కాపురమున్నాడు. రెండేండ్ల క్రిందట షోలాపురం వచ్చినప్పుడు, చీరెల పెట్టె యెత్తుబరువుండే అట్టపెట్టె వొకటి తెచ్చి మా నాయన ముందు పెట్టాడు. "మామా, యిది నీకే" అన్నాడు. విప్పితే లోపల పాత వార్తాపత్రికల్లో చుట్టిన రైలింజను, బొగ్గు టెండరు, నాలుగు సరుకు పెట్టెలు, వంపు పట్టాలు యెనిమిది, తిన్నని పట్టాలు ఆరు, నల్లటి బేకలైటు డొప్పలో వొక ట్రాన్స్‌ఫార్మరు. బావ పక్కింట్లో ఎనభైకి దగ్గరపడిన పెద్దమనిషి వొకాయన యిల్లు ఖాళీచేసి చిన్న వాటాలోకి పోతూ యిచ్చాడట. 1955 క్రిస్మసు పండుగకు ఆయనకు తండ్రి కొనిపెట్టిన బండి అది. పిల్లలు వద్దన్నారు, మనుమలు చూడనైనా చూడలేదు. "మా మేనమామ రైల్వే ఫిట్టరు" అని బావ అన్నాడట. అంతే, పెట్టె చేతికిచ్చి, "అయితే యిది అక్కడికే పోవాలి. కూత వినిపించినప్పుడు నాకు చెప్పు" అన్నాడట.

మా నాయన కుర్డువాడి కార్ఖానాలో ఫిట్టరుగా పని చేసి రిటైరైనవాడు. బార్శీ లైటు రైల్వే పేరు మన జిల్లాలో పెద్దలకు చెప్పనక్కరలేదు. 1897లో మొదలైన ఆ దారిలో పట్టాల నడుమ యెడం 2 అడుగుల 6 అంగుళాలు. పెద్ద లైనులో 5 అడుగుల 6 అంగుళాలు. యీ అమెరికా బండి పట్టాల యెడం వొకటింబావు అంగుళం. దానికి 'ఓ గేజి' అని పేరు. మా అమ్మ పోయిన తరువాత నాయన వసారాలో కుర్చీ వేసికొని వీధి చూస్తూ కూర్చోవడమే గాని, అడిగినదానికి "ఊ" అనడం తప్ప మాట తగ్గిపోయింది. పెట్టె చూసి కూడా "ఊ, బాగున్నది" అని వూరుకున్నాడు.

బావ వెళ్లిపోతూ నాలుగుసార్లు చెప్పాడు: "మన కరెంటు వేరు. 110కి దించే పెట్టె కొనేదాకా ప్లగ్గు పెట్టకు." ట్రాన్స్‌ఫార్మరు వెనుక రేకు మీద 115 వోల్టులు, 60 సైకిళ్లు అని అచ్చువేసే వున్నది. ఆఫీసులో ప్రొద్దున్నుంచి సాయంత్రం దాకా అంకెలు దిగరాసే గుమాస్తాలము మేము. అయినా ఆదివారం పూట అమ్మాయి తొందరపెడితే, వొక్క నిమిషమే గదా అని బజారునుంచి తెచ్చిన మారు ప్లగ్గు తగిలించి స్విచ్చి వేశాము. మొదట తేనెటీగల తుట్టె కదిలినట్టు రొద. మరుక్షణం కమురు వాసన, డొప్ప సందులోంచి పొగ. ప్లగ్గు పీకబోయేలోగా మీటరు దగ్గర ఫ్యూజు టప్పుమన్నది. యెవరికీ యేమీ కాలేదు, దేవుని దయ. కాని డెబ్బయి యేండ్లు చెక్కుచెదరకుండా పనిచేసిన యంత్రం మా చేతిలో పది లెక్కపెట్టేలోగా బూడిదయింది.

యిందులో కిటుకేమిటంటే, ట్రాన్స్‌ఫార్మరు లోపలి యినుప రేకులు కొంతవరకే అయస్కాంత శక్తిని మోస్తాయి. 115కు చేసిన దానికి 230 వోల్టులు యిస్తే రేకులు నిండిపోయి, తీగచుట్టలోకి కరెంటు వరదలా వచ్చిపడుతుంది. పైగా 60 సైకిళ్లకు చేసినది మన 50 సైకిళ్ల మీద 110 వోల్టులిచ్చినా సరే, కొంచెం యెక్కువ వేడెక్కుతుంది. అందుచేత బయటి దేశపు పాత బండి యెవరికైనా వస్తే, దానితో వచ్చిన ట్రాన్స్‌ఫార్మరును బీరువాలో గుర్తుకుంచుకొని, యిక్కడి కరెంటుకు తగినది వేరే చేయించుకోవడం మేలు. పాత తీగల మీది రబ్బరు యెండి పెళుసై వుంటుంది, వంచితే రాలిపోతుంది. మాకు తెలియకపోవడం చేత కాదు, లెక్కచేయకపోవడం చేత జరిగింది గనుక యింత గట్టిగా చెప్పుతున్నాము.

ఆ వాసనకు నాయన కర్ర పట్టుకొని లోపలికి వచ్చాడు. మమ్మల్ని యేమీ అనలేదు. "యింజనుకు తగిలిందా?" అని మాత్రం అడిగాడు. వేగం మీట సున్న దగ్గరే వున్నది గనుక పట్టాలకు కరెంటు పోనే లేదు. "అయితే బతికిందన్నమాట. పేచ్‌కస్ తేరా" అన్నాడు. రెండేండ్లలో మా నాయన నోట మేము విన్న పెద్ద మాట అదే.

యింజను కడుపు విప్పిన తరువాతనే యీ బండ్ల గొప్ప మాకు తెలిసింది. చేసినది లయొనెల్ కంపెనీ. జాషువా లయొనెల్ కోవెన్ అనే ఆయన 1900లో న్యూయార్కులో పెట్టాడు. మరుసటి యేడు ఆయన చేసిన మొదటి బండి పిల్లల కోసం కాదు. దుకాణం అద్దాల కిటికీలో సరుకు తిప్పి జనాన్ని ఆకర్షించడానికి మోటారు పెట్టిన వొక కొయ్య తొట్టి అది. చూడవచ్చినవాళ్లు లోపలి సరుకు మాని తొట్టినే అడిగారట. 1906 నుంచి ఆ కంపెనీ మూడు పట్టాల పద్ధతి పట్టుకొన్నది. నడిమి పట్టా మీదుగా కరెంటు వస్తుంది, యింజను క్రింద చిన్న రోలరు దాన్ని అందుకుంటుంది, చక్రాల ద్వారా పక్క పట్టాలలోకి తిరిగి పోతుంది. నిజమైన రైలుకు మూడు పట్టాలెక్కడివని వెక్కిరించేవాళ్లున్నారు. మా అమ్మాయి కూడా ఆ మాటే అన్నది. కాని దారిని కొక్కెంలా వంపు తిప్పి బండిని మళ్లీ అదే పట్టా మీదకు యెదురుగా తెచ్చామనుకోండి, రెండు పట్టాల బండిలో కుడి పట్టా పోయి యెడమ పట్టాకు తగిలి షార్టవుతుంది. మూడు పట్టాలలో రెండు పక్కలూ వొకటే గనుక యే వంపైనా తిప్పుకోవచ్చు. పిల్లవాడు యిష్టమొచ్చినట్టు పరచినా ఫ్యూజు యెగరదు.

జర్మనీలో గ్యోపింగెన్ వూరి మెర్క్లిన్ వాళ్లు కూడా నడిమి పట్టాతోనే చాలాకాలం నడిపి, 1953 నుంచి ఆ పట్టా తీసివేసి దాని చోట చిన్న చిన్న మొలకలు పెట్టారు. చూపుకు రెండు పట్టాలే, పని మాత్రం మూడింటిదే. ఇంగ్లండులో లివర్‌పూలు హార్న్‌బీ కంపెనీ 1925లో తెచ్చిన మొదటి కరెంటు బండి కథ వింటే వొళ్లు జలదరిస్తుంది. యింటి కరెంటునే వొక బల్బు గుండా మళ్లించి పట్టాలకిచ్చారు! తరువాత తెలివి తెచ్చుకొని కొద్ది వోల్టుల బండ్లు చేశారు. 1938లో వచ్చిన వారి డబ్లో బండి 12 వోల్టులదే.

మా యింజను నంబరు 2037. నాయన పెట్టుకొన్న భూతద్దంలోంచి మేమూ చూశాము. దాని మోటారు ఏసీ మీద నడిచేది. తీగల కొసలు మార్చి వెనక్కి తిప్పుదామంటే తిరగదు. అందుకని లోపల వొక చిన్న డ్రమ్ము, దాన్ని వొక్కొక్క పన్ను తిప్పే కొక్కెం వున్నాయి. కరెంటు వొకసారి ఆగి వస్తే బండి నిలుస్తుంది, మళ్లీ ఆగి వస్తే వెనక్కి పోతుంది, యింకోసారికి నిలుస్తుంది, నాలుగోసారికి ముందుకు. యిదంతా చూసి నాయన, "యిది ఆట వస్తువు గాదురా. పనోడు చేసిన పని యిది. ప్రతి స్క్రూ విప్పేటందుకే పెట్టినాడు" అన్నాడు. జిగురుపెట్టి మూసివేసి, చెడితే పారవేయమనే యిప్పటి బొమ్మలను ఆయన అదివరకే చూసి వున్నాడు.

శుభ్రం చేయడంలో ఆయన మాకు చెప్పినవి పాఠకులకు కూడా పనికివస్తాయి. పట్టాలను యినుప పీచుతో రుద్దరాదు. పొడి రాలి మోటారు అయస్కాంతానికి అంటుకొని లోపల షార్టు చేస్తుంది. స్పిరిటులో తడిపిన గుడ్డ చాలు. మోటారు రాగి పలకల నడిమి గాళ్లలో చేరిన మసిని పళ్లపుల్లతో తీయాలి. నూనె ఇరుసుకు వొక్క చుక్క, అదీ సూదిమొనతో. మేమైతే కుట్టుమిషను నూనె ధారగా పోసేవాళ్లమే. "నూనె తక్కువైతే బండి కీచుమంటది, యెక్కువైతే బండి చస్తది" అని ఆయన మా చేతిలోని డబ్బీ లాక్కొన్నాడు. మూడు రోజులు ఆయన వేళకు భోజనానికి లేవకపోతే మా యింటావిడ విసుక్కున్నది గాని, ఆ విసుగులో సంతోషం మాకు కనబడుతూనే వున్నది.

కరెంటు సంగతి తేలడానికి మరి నెల పట్టింది. పేటలో తీగచుట్టే మేస్త్రి చేత 230 నుంచి 18 వోల్టులకు దించే ట్రాన్స్‌ఫార్మరు చేయించాము. వేగం కోసం నడుమ 8, 10, 12 అంటూ కొసలు తీయించి తిరుగుడు స్విచ్చి పెట్టించాము. బండి నడిచింది! కాని వేగం పెంచుదామని స్విచ్చి వొక మెట్టు తిప్పగానే ఆగిపోయింది. యింకో మెట్టు తిప్పితే వెనక్కి పరుగెత్తింది. మేస్త్రి, మేము, వచ్చిపోయే చుట్టాలు అందరూ తలలు గోక్కొన్నాము. చివరకు నాయనే నవ్వి, "మెట్టు మారేటప్పుడు కరెంటు తెగుతున్నది గదా. ఆగి రమ్మన్నావు, అది చెప్పినట్టు విన్నది" అన్నాడు. తరువాత మూతపడ్డ మిల్లుల సామాను అమ్మేచోట వొక డిమ్మర్‌స్టాట్ దొరికింది. దాన్ని ట్రాన్స్‌ఫార్మరుకు ముందు పెడితే వేగం తెగకుండా మెల్లగా పెరుగుతుంది. వొక్క హెచ్చరిక: డిమ్మర్‌స్టాట్ కొసలను నేరుగా పట్టాలకు కలపకూడదు, యెంత తక్కువ వోల్టులకు తిప్పినా సరే. అది యింటి కరెంటును విడదీయదు, తాకినవాళ్ల ప్రాణానికి ముప్పు. నడుమ ట్రాన్స్‌ఫార్మరు వుండి తీరాలి, దానికి యీవల వొక ఫ్యూజు కూడా.

యిక వొక తగాదా సంగతి. వొక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి బొగ్గు టెండరు నల్లని యెనామిలుతో నిగనిగలాడుతూ కిటికీలో ఆరుతున్నది. దాని పక్కన తెల్లగా వున్న కంపెనీ పేరు, 6026 నంబరు రెండూ మాయం. బావకు ఫోను చేసి చెప్పితే "అయ్యో అయ్యో" అన్నాడు. అమెరికాలో యీ పాత బండ్లు పోగుచేసేవాళ్లకు 1954లో పెన్సిల్వేనియాలోని యార్డ్‌లీలో పుట్టిన సంఘమే వున్నది. ఆ రాష్ట్రంలోనే యార్క్ పట్టణంలో పెద్ద సంత జరుగుతుంది. వస్తువు యే స్థితిలో వుంటే యే మాట వాడాలో వారు నిర్ణయించి పెట్టుకొన్నారు. గీతలు పడ్డా సరే పుట్టినప్పటి రంగుకే విలువ, కొత్త రంగు వేస్తే విలువ పడిపోతుంది. అట్టపెట్టె కూడా వుంటే మరీ విలువ. నాయనకు యిది చెప్పితే ఆయనకు కోపం వచ్చింది. "షెడ్డులోంచి గీతలతో యింజను బయటికొస్తే ఫోర్‌మన్ వూరుకొంటాడా? రంగు లేని యినుము తుప్పు పట్టదా?" అన్నాడు. యింజనుకు కూడా వేద్దామని కుంచె కడిగి పెట్టుకొన్నాడు. దాన్ని మాత్రం బతిమాలి ఆపాము.

రెండూ న్యాయమే అని మాకు తోస్తుంది. బండి చరిత్ర చెప్పే సాక్ష్యం దాని పాత రంగు. నాయనదేమో నలభై యేండ్ల చేతి అలవాటు. రంగు వేసినందుకు మాకు చింత లేదు, ముందుగా చెప్పనందుకు చింత మాదే.

విలువ మాట వచ్చింది గనుక చెప్పుతున్నాము. బావలో మరదళ్లో యిలాంటివి పంపితే నిధి దొరికిందని యెవరూ అనుకోవద్దు. 2037 వేలకు వేలు తయారైన రకం, అక్కడ సాధారణంగా దొరుకుతుంది. చిన్నప్పుడు వాటితో ఆడుకొన్న తరం ముసలిదై, వొక్కొక్కరూ యిళ్లు ఖాళీచేస్తూ వుంటే మామూలు బండ్ల ధర పడిపోయింది. అయితే యిదే 2037కు గులాబీ రంగు వేసి, లేతరంగు పెట్టెలు తగిలించి 1957లో ఆడపిల్లల కోసమని అమ్మజూపారు. యెవరూ కొనలేదు. అమ్ముడుపోక కొందరు దుకాణదారులు దానికి నల్లరంగు పూశారని చెప్పుకొంటారు. యిప్పుడు ఆ గులాబీ బండి కోసమే వెతుకుతున్నారు. మా అమ్మాయికి బొమ్మ చూపితే, "రైలింజను నల్లగా వుండాలి గదా, యిదేమిటి మిఠాయిలాగా?" అన్నది. ఆ రోజుల్లో ఆడపిల్లలు కూడా యీ మాటే అనివుంటారు కాబోలు.

మొన్న సెలవుల్లో నాయనను పుణే తీసుకుపోయాము. కోత్రూడులో బి. ఎస్. జోషీ గారు వేసిన చిన్న రైళ్ల వూరు 1998 నుంచి జనానికి తెరిచి వున్నది. అక్కడివి మా బండి కంటే చాలా చిన్నవి, నిజానికి ఎనభై యేడో వంతు. సిగ్నళ్లు, వంతెనలు, దీపాలు చూసి రెండు కన్నులు చాలలేదు. నాయన మాత్రం ఆట అయిపోయినాక, "మరమ్మతు యెవరు చేస్తారు? ఎక్కడ చేస్తారు?" అని అడుగుతూ నిలబడ్డాడు.

కూత సంగతి మిగిలిపోయింది. టెండరులో వొక చిన్న మోటారు, దానికి గాలి రెక్కలు, వొక గూడు. 1935 నుంచి లయొనెల్ బండ్లలో కూత వేసేది యీ గాలే. ఏసీ పట్టాల మీదనే కొంచెం డీసీ కలిపితే టెండరులోని మీట దాన్ని పసిగట్టి మోటారును కలుపుతుంది. ఆ డీసీని కలిపే బొత్తాము కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరులో వుండేది. రేడియోలు బాగుచేసే కుర్రవాడొకడు నాలుగైదు డయోడులు వొక వైపుకు, వొక్కటి యెదురు వైపుకు వేసి, బొత్తాము పెట్టి, ఆ పని చేసి యిచ్చాడు. నాయన వేళ్లు వణుకుతాయి. చిన్న స్విచ్చి ఆయనకు కుదరదని గోలీ అంత పెద్ద బొత్తాము వెతికి తెచ్చాము. నవారు మంచం క్రింది నుంచి బండి వచ్చేటప్పుడు ఆయన దాన్ని నొక్కాడు. బొంగురు గొంతుతో కూసింది. మన యింజను కూతలా లేదు, అయినా కూతే. పక్కింటి పిల్లలు గోడ యెక్కారు.

ఆ కూతను ఫోనులో పట్టి బావకు పంపాము. బావ దాన్ని తీసుకొనిపోయి ఆ పెద్దమనిషికి వినిపించి, చూపించాడు. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. మూడుసార్లు పెట్టించుకొని విన్నాడట. తరువాత, "టెండరుకు రంగు వేశారు గదూ? మా నాన్న వుంటే ఆయనా వేసేవాడే" అన్నాడట. మరి కొంచెం సేపు చూసి, మూడో పెట్టె వెనక చక్రం కీచుమంటున్నదనీ, తన దగ్గర కూడా అలాగే అనేదనీ, అక్కడ వొక చుక్క నూనె వేయమని మీ మామకు చెప్పమనీ అన్నాడట.

నాయనకు చెప్పాము. "నాకు వినబడలేదే" అని చెవి ఆ పెట్టెకు ఆనించి, చేత్తో చక్రం తిప్పి చూసి, సూది అడిగాడు.